తప్పిన మెట్రిక్, నిలిచిన మందు

పట్టిసీమ నుంచి నర్సాపురం దాకా గోదావరి ఊళ్లకు బోదకాలు కొత్త కాదు. దానికి మందు తెచ్చినవారిలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

రాజమండ్రిలో చదివిన ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పారు. తల్లి వెంకమ్మగారు పట్టు విడవక మద్రాసు పంపారు. మూడోసారి గట్టెక్కి, వైద్యం చదివి అమెరికా చేరారు. అక్కడ లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం ఫైలేరియా సోకిన ఎలుకలు, కుక్కలపై పరీక్షించి 1947లో డీఈసీ మందును వెల్లడించింది. మన ఊళ్లలో ఇంటింటికీ పంచిన మాత్రలు అవే. రక్తంలోని క్రిమి పిల్లలను ఆ మందు ఒంటరిగా చంపదు. ఒంట్లోని రోగనిరోధక కణాలకు చిక్కేలా చేస్తుంది.

మరుసటి ఏడే, 53 ఏళ్లకు ఆయన కన్నుమూశారు. పిల్లల మార్కులు తగ్గిన నెలలో వెంకమ్మగారిని తలుచుకుందాం.