బదిలీ అయిన బండరాళ్లు: లూయీ అగాసీ జీవితం

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి కాసేపు తడబడతాం. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకోచోట, ఇప్పుడున్నది మరోచోట. చదువుకునే మీకే కాదు, చదువు చెప్పే మాకూ అంతే. బదిలీ ఉత్తర్వు రాగానే పెట్టెలు కట్టడం, సామాను లారీ ఎక్కించడం మనకు అలవాటే. అయితే రాళ్లు కూడా బదిలీ అవుతాయి. వందల టన్నుల బండలు కొండలు దిగి, లోయలు దాటి, దూరప్రాంతాల్లో స్థిరపడతాయి. ఆ సంగతిని లోకం చేత ఒప్పించడానికి ఎన్నో ఏళ్లు శ్రమించిన శాస్త్రవేత్త లూయీ అగాసీ. ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసినవీ ఉన్నాయి, చేయకూడనివీ ఉన్నాయి.

అగాసీ 1807 మే 28న స్విట్జర్లాండ్‌లోని మోటియే అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి చర్చిలో మతబోధకుడు. ఊరి పక్కనే సరస్సు ఉండటంతో చిన్నప్పటి నుంచే ఆయనకు చేపలంటే ప్రాణం. ఇంట్లోవాళ్లు వైద్యుడవుతాడని ఆశపడ్డారు. వాళ్ల మాట కాదనలేక జ్యూరిక్, హైడెల్‌బర్గ్, మ్యూనిక్ నగరాల్లో చదివి వైద్య పట్టా తెచ్చుకున్నారు కానీ, మనసు మాత్రం చేపల మీదే ఉండిపోయింది. 1832లో న్యూషాటెల్ పట్టణంలో అధ్యాపకుడిగా చేరారు. రాళ్లలో శిలాజాలుగా మిగిలిన ప్రాచీన చేపల మీద 1833 నుంచి 1843 వరకు ఆయన వెలువరించిన సంపుటాలు యూరప్ అంతటా పేరు తెచ్చాయి.

ఆ న్యూషాటెల్ వెనకే జూరా కొండలున్నాయి. అవి సున్నపురాతి కొండలు. కానీ వాటి మీద అక్కడక్కడా ఇల్లంత గ్రానైట్ బండలు కూర్చుని ఉంటాయి. ఆ గ్రానైట్ ఆ కొండలది కాదు, ఎదురుగా దూరాన కనిపించే ఆల్ప్స్ పర్వతాలది. మధ్యలో వెడల్పాటి మైదానం, సరస్సులు ఉన్నాయి. ఇంత బరువును అంత దూరం ఎవరు మోసుకొచ్చినట్టు? పురాణకాలపు మహాప్రళయం తెచ్చి పడేసిందని కొందరు, నీటిపై తేలే మంచుగడ్డలు తెచ్చాయని మరికొందరు అనుకునేవారు.

సరైన సమాధానం మొదట తట్టినవారిలో ఒకరు పండితుడు కాదు. పెరోడాన్ అనే కొండవాసి ఆల్ప్స్ లోయల్లో అడవిమేకలను వేటాడుతూ తిరిగేవాడు. మంచు లేని చోట కూడా రాతి మీద పొడవాటి గీతలు ఉండటం గమనించాడు. ఒకప్పుడు హిమానీనదం ఆ లోయ పొడవునా నిండి ఉండాలని గ్రహించాడు. 1815లో ఆ మాట ఉప్పుగనుల అధికారి షార్పాంటియేకు చెబితే ఆయన నమ్మలేదు. తర్వాత పెరోడాన్ వెనెట్జ్ అనే ఇంజినీరుకు చెప్పాడు. వెనెట్జ్ కొన్నేళ్లపాటు పరిశీలించి నిజమేనని తేల్చుకుని, చివరికి షార్పాంటియేనూ ఒప్పించాడు. 1836 వేసవిలో అగాసీ షార్పాంటియే ఉండే ఊరికి వెళ్లారు. ఆయన పొరపాటును సరిదిద్దాలనే ఉద్దేశంతోనే వెళ్లారు. కొండల్లో కలిసి తిరిగాక తన పొరపాటునే దిద్దుకుని వచ్చారు.

అక్కడ ఆయన చూసినదేమిటో మనమూ తెలుసుకుందాం. ఎత్తైన చోట ఏటేటా పడిన మంచు పేరుకుని, తన బరువుకు తానే అణిగి గట్టి మంచుగడ్డ అవుతుంది. మందం పెరిగాక నెమ్మదిగా పల్లానికి జారుతుంది. అదే హిమానీనదం. రాతి పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి రాళ్లను పెళ్లగిస్తుంది. మంచు అడుగున ఇరుక్కున్న ఆ రాళ్లు గరుకు కాగితంలా నేలను రుద్దుతూ పోతాయి. అందుకే రాతి మీద ఒకే దిక్కుకు సాగే గీతలు పడతాయి. నది కోసిన కొండలోయ వి ఆకారంలో ఉంటే, హిమానీనదం తొలిచిన లోయ అడుగు వెడల్పై యు ఆకారంలో ఉంటుంది. నది చేటతో చెరిగినట్టు గులకరాళ్లను, ఇసుకను, ఒండ్రును వేరుచేసి పరుస్తుంది. హిమానీనదానికి ఆ ఓపిక లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆఖరి పెట్టెలో మనం చేతికందినవన్నీ కుక్కినట్టు, బండలనూ పిండిలాంటి మట్టినీ కలిపి మోసుకొచ్చి, కరిగిన చోట గుట్టగా దించేస్తుంది. ఆ గుట్టలనే మొరైన్లు అంటారు.

1837 జులై 24న న్యూషాటెల్‌లో స్విస్ ప్రకృతి శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అధ్యక్షుడైన అగాసీ శిలాజ చేపల గురించి మాట్లాడతారని అందరూ ఎదురుచూశారు. ఆయన మంచు గురించి మాట్లాడారు. ఒకప్పుడు యూరప్‌లో చాలా భాగం మంచు కింద ఉండేదని ప్రకటించారు. పెద్ద పెద్ద భూగర్భ శాస్త్రవేత్తలు మండిపడ్డారు. ఆయన మేలుకోరే హంబోల్ట్ కూడా మంచును వదిలి చేపల పని చూసుకోమని సలహా ఇచ్చారు.

అగాసీ వాదనతో సరిపెట్టక కొలతలకు దిగారు. 1840లో ఊంటరార్ హిమానీనదం మీద, ఒక పెద్ద బండ నీడలో రాతిగోడ కట్టుకుని మిత్రులతో మకాం పెట్టారు. అదే హిమానీనదం మీద 1827లో హూగీ అనే శాస్త్రజ్ఞుడు ఒక గుడిసె వేశారు. 1841 నాటికి అది సుమారు 1,400 మీటర్లు కిందికి వచ్చేసింది. ఎవరూ తోయకుండానే గుడిసె బదిలీ అయిందన్నమాట! అగాసీ అడ్డంగా వరుసగా కొయ్యలు పాతించి, అంచుల కంటే మధ్యభాగం వేగంగా కదులుతుందని చూపించారు. ఒకసారి తాడు కట్టుకుని మంచులోని బావి లాంటి గోతిలోకి వంద అడుగులకు పైగా దిగి, చల్లని నీటిలో మునిగి ప్రాణాల మీదకు తెచ్చుకున్నారు.

1840లోనే స్కాట్లండ్ వెళ్లి అక్కడి లోయల్లోనూ అవే గీతలు, అవే గుట్టలు చూపించారు. దాంతో బక్లండ్ వంటి పండితులు ఆయన పక్షం వహించారు. రాళ్లను అలా చదవడం భారతదేశానికీ వచ్చింది. 1856లో ఒడిశాలోని తాల్చేర్ దగ్గర బండలూ మెత్తని మట్టీ కలగలిసిన పొరను చూసిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు అది మంచు చేసిన పని అని గుర్తించారు. దాని వయసు దాదాపు 30 కోట్ల సంవత్సరాలు. అదే కాలపు పొరలు మన గోదావరి లోయలోనూ ఉన్నాయి.

ఇంత చేసిన అగాసీలో లోపాలూ ఉన్నాయి. షార్పాంటియే నిదానంగా రాసుకుంటున్న పుస్తకం బయటకు రాకముందే, 1840లో తన పుస్తకం అచ్చు వేసేశారు. మంచుయుగం అనే మాటను పుట్టించిన మిత్రుడు షింపర్ తనకు దక్కాల్సిన పేరు దక్కలేదని బాధపడ్డారు. 1846లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఆచార్యుడై, గొప్ప మ్యూజియం నెలకొల్పిన అగాసీ డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మనుషుల జాతులు వేరువేరుగా పుట్టాయని, నల్లజాతివారు తక్కువవారని ఆయన బోధించారు. రాళ్ల విషయంలో కళ్లతో చూసి అభిప్రాయం మార్చుకున్న మనిషి, మనుషుల విషయంలో మార్చుకోలేకపోయారు. అందుకే 2019లో న్యూషాటెల్‌వారు ఆయన పేరున్న కూడలికి టిలో ఫ్రే పేరు పెట్టారు. ఆమె స్విస్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళల్లో ఒకరు, ఆఫ్రికా తల్లి బిడ్డ. గొప్పవారి జీవితం చదివేటప్పుడు మనం రెండు పుటలూ తిప్పాలి.

అగాసీ 1873 డిసెంబరు 14న అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్టణంలో కన్నుమూశారు. ఆయన సమాధి మీద చెక్కిన పాలరాయి లేదు. ఊంటరార్ హిమానీనదం నుంచి సముద్రం దాటించి తెచ్చిన ఒక మొరటు బండ ఉంది. చుట్టూ ఉన్న నేలతో దానికి చుట్టరికం లేదు. అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు చూడగానే చెప్పగలరు.

ఈసారి మన పోస్టింగ్ లేహ్‌కో, ఉత్తరకాశీకో పడితే లోయ ఆకారం చూద్దాం, దారి పక్క బండను తడిమి గీతలున్నాయేమో వెతుకుదాం. అక్కడ మేకలు కాసే తాతను అడగడం మాత్రం మరచిపోవద్దు. పెరోడాన్ మాటను ముందే విని ఉంటే, షార్పాంటియేకు చాలా ఏళ్లు కలిసివచ్చేవి.