జిమ్ కార్బెట్ రైఫిల్‌కు టెలిస్కోప్ ఎందుకు లేదు?

1907లో కుమావూఁ కొండల్లోని చంపావత్ దగ్గర ఓ ఆడపులిని చంపాక జిమ్ కార్బెట్ దాని నోరు తెరిచి చూశారు. కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి, కిందిది దాదాపు ఎముక దాకా. ఏనాటిదో తుపాకీ దెబ్బ. మామూలు వేట సాగక ఆ పులి మనుషుల మీద పడింది. నేపాల్‌లో, ఆ తర్వాత కుమావూఁలో అది చంపిన వాళ్ల సంఖ్య 436 అని లెక్కగట్టారు. వీటన్నిటికీ మూలం ఎవరో వేటగాడి గురి తప్పడమే. ఆ వేటగాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆ రోజు కార్బెట్ దగ్గర ఉన్న తూటాలు మూడే. అవి అయిపోయాక పరుగెత్తుకెళ్లి తహసీల్దార్ చేతిలోని పాత తుపాకీ తెచ్చి, అతి దగ్గర నుంచి నోటికి గురిపెట్టి కాల్చారు. అది నోటికి కాక కుడి పంజాకు తగిలింది. ముందు తగిలిన తూటాలు బలంగా పనిచేయబట్టి సరిపోయింది.

కార్బెట్ 1875లో నైనితాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడి పోస్ట్‌మాస్టర్. ఆయన పోయేనాటికి జిమ్‌కు ఆరేళ్లు కూడా సరిగా నిండలేదు. చలికాలంలో కుటుంబం కొండ దిగి కాలాఢుంగీకి వచ్చేది. ఆ అడవిలో కుర్రాడికి దొరికిన మొదటి తుపాకీ మందు కూరి కాల్చే జోడుగొట్టాలది. ఒక గొట్టం చీలిపోయింది, మొత్తాన్ని ఇత్తడి తీగతో చుట్టి నిలబెట్టారు. పనిచేసే గొట్టం ఒక్కటే కాబట్టి రెండో అవకాశం లేదు. దూరం నుంచి కాల్చడం కంటే చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్లడం ఆయనకు అక్కడే అబ్బి ఉండాలి. తర్వాత రెండు దశాబ్దాలకు పైగా మొకామే ఘాట్‌లో రైల్వే సరుకుల ఎగుమతి దిగుమతులు చూశారు. మ్యాన్‌ఈటర్ల వేట ఆయన వృత్తి కాదు, కబురొస్తే వెళ్లేవారు.

చంపావత్ తర్వాత యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు .275 రిగ్బీ రైఫిల్ బహూకరించారు. తేలికైనది, ఒక్కో తూటా బోల్టు లాగి ఎక్కించాలి. దాని మీద టెలిస్కోప్ లేదు. గొట్టం కొసన చిన్న మొన, వెనక ఒక గాడి, అంతే. బరువైన పని పడితే .450/400 జోడుగొట్టాల రైఫిల్ వాడేవారు.

పెద్ద జంతువుల వేటకు అనుమతులున్న దేశాల్లో ఇవాళ స్కోప్ ఎంచుకోవడం పెద్ద చర్చే. వస్తువును ఎంత పెద్దది చేసి చూపిస్తే, కంటికి కనిపించే ప్రాంతం అంత ఇరుకవుతుంది. మైదానంలో మూడు వందల గజాల దూరంలోని దుప్పికి తొమ్మిది రెట్లు పెంచే అద్దం పనికొస్తుంది. పొదలోంచి మీదికి దూకే జంతువుకు అదే పెడితే చారల బొచ్చు తప్ప మరేమీ కనిపించదు. అందుకే ప్రమాదకరమైన జంతువులకు ఒక రెట్టు నుంచి మొదలయ్యే స్కోప్‌లే ఎంచుకుంటారు. కార్బెట్ కాలపు స్కోప్‌లు మరీ ఇరుకు, పైగా వానకు, చెమ్మకు మసకబారేవి.

1930లో చౌగఢ్ ఆడపులి ఎదురైనప్పుడు రైఫిల్‌కూ పులికీ మధ్య దూరం ఎనిమిది అడుగులు. కార్బెట్ ఎడమ చేతిలో ఒక పక్షి గుడ్లున్నాయి. రిగ్బీని కుడిచేత్తోనే మెల్లగా తిప్పి కాల్చారు. బరువు రైఫిల్ అయితే అది కుదిరేది కాదు. స్కోప్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

దూరం కన్నా చీకటే ఆయన్ను ఎక్కువ ఏడిపించింది. రుద్రప్రయాగ్ చిరుతపులి ఎనిమిదేళ్లలో 125 మందిని చంపింది, అన్నీ రాత్రిపూటే. ఒక రాత్రి గురి కనిపించక, శవం పక్కన తెల్లరాయి పెట్టుకుని దాన్నే ఆనవాలుగా చూస్తూ కూర్చున్నారు. తూటా చిరుత మెడ మీది వెంట్రుకలు కత్తిరించి పోయింది. ఆ తర్వాతా మనుషులు చనిపోయారు. 1926 మే 2 రాత్రి గోలాబ్‌రాయ్ మామిడిచెట్టు మీద రైఫిల్‌కు టార్చిలైటు బిగించుకుని కూర్చున్నారు. కింద కట్టిన మేక మెడలో గంట మోగింది. టార్చి వెలిగేసరికి మొన చిరుత భుజం మీదే ఉంది. ఒక్క తూటాతో పనైపోయింది. టార్చి ఆరిపోయింది.

1938లో ఠాక్ గ్రామం దగ్గర చంపిన ఆడపులి ఒంటి మీదా పాత తుపాకీ గాయాలున్నాయి. ఒకటి కుళ్లింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. మ్యాన్‌ఈటర్ల వేట దానితో ఆపేశారు.

ఆయన చేతికి సినిమా కెమెరా కూడా వచ్చింది. అడవిలో వాగు పక్కన మాటు కట్టి, కెమెరా చప్పుడు వినపడకుండా నీళ్ల హోరు పెంచి, నెలల తరబడి కాచుకుని ఆరు పులులను చిత్రీకరించారు. 1936లో ఏర్పడిన హేలీ జాతీయ ఉద్యానానికి ఆయన మరణానంతరం ఆయన పేరే పెట్టారు. దేశంలో పులుల వేటను చట్టం నిషేధించింది 1972లో.

1947లో సోదరి మ్యాగీతో కలిసి కెన్యాలోని న్యేరీకి వెళ్లిపోయిన కార్బెట్, 1955 ఏప్రిల్ 19న అక్కడే కన్నుమూశారు. రిగ్బీ రైఫిల్ కొన్నేళ్లకు చేతులు మారి, దాన్ని తయారుచేసిన కంపెనీకే తిరిగి చేరింది.