అణువులను తూచిన ఉపాధ్యాయుడు – రౌల్ట్

బోధిస్తూనే విజ్ఞాన శాస్త్ర చరిత్రలో శాశ్వత స్థానాన్ని సంపాదించుకొన్న మహనీయులలో ఫ్రాన్సువా మారీ రౌల్ట్ ఒకడు. ఆయన 1830 మే 10వ తేదీన ఉత్తర ఫ్రాన్సులోని ఫూర్న్ గ్రామంలో జన్మించాడు. పారిస్‌లో విద్య కొనసాగించడానికి ధనం చాలక, 1853లో రాంస్ నగరంలోని ఒక పాఠశాలలో చిన్న ఉద్యోగంలో చేరాడు. అనేక ఊళ్ళలో పనిచేసిన పిమ్మట 1862లో సాన్స్ పాఠశాలలో రసాయన శాస్త్రోపాధ్యాయుడయ్యాడు. అక్కడ బోధిస్తూనే పరిశోధన సాగించి, మరుసటి సంవత్సరం పారిస్‌లో డాక్టరేటు పొందాడు. 1867లో గ్రెనోబుల్ చేరి, 1870లో అక్కడి ఆచార్య పీఠాన్ని అధిష్ఠించాడు.

ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులను ఒక చిక్కు వేధించేది. తెలియని పదార్థాన్ని గుర్తించడానికి దాని అణుభారం ముఖ్యమైన ఆధారం. పదార్థాన్ని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి సాంద్రతను బట్టి అణుభారాన్ని గణించేవారు. కాని చక్కెర వంటివి ఆవిరి కాకముందే మాడిపోతాయి. వాటి మాటేమిటి?

రౌల్ట్ వేడిమిని వదలి చలిని ఆశ్రయించాడు. నీటిలో ఏదైనా కరిగిస్తే ఆ ద్రావణం సున్న డిగ్రీల కంటె దిగువన గడ్డకడుతుంది. కరిగిన పదార్థం పెరిగినకొద్దీ ఈ తగ్గుదల పెరుగుతుందని 1788లోనే బ్లాగ్డెన్ చూపాడు. 1878 నుండి ఓపికతో కొలతలు తీసిన రౌల్ట్, 1882 నాటికి అసలు రహస్యాన్ని పట్టుకొన్నాడు. సజల ద్రావణాలలో ఈ తగ్గుదల ముఖ్యంగా కరిగిన అణువుల సంఖ్యను అనుసరిస్తుంది. కిలోగ్రాము నీటిలో ఒక మోల్ పదార్థం కరిగితే తగ్గుదల 1.86 డిగ్రీలు. పేరు తెలియని పదార్థం 18 గ్రాములు కరిగించినప్పుడు 0.186 డిగ్రీలు తగ్గిందనుకొందాం. అంటే అందులో ఉన్నది మోల్‌లో పదవ వంతు. కనుక అణుభారం 180. అది గ్లూకోజు కావచ్చు. అయితే ఫ్రక్టోజు అణుభారమూ అంతే గనుక, ఇతర పరీక్షలతో నిర్ధారించుకోక తప్పదు.

ఉప్పు మాత్రం లెక్కకు దాదాపు రెట్టింపు తగ్గుదల చూపింది. ఉప్పు నీటిలో అయానులుగా విడిపోతుందని 1887లో అర్హీనియస్ ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఇటువంటి కొలతలు బలమిచ్చాయి. ద్రావణాల బాష్పపీడనాన్ని గూర్చిన రౌల్ట్ నియమం నేటికీ మన విద్యార్థులకు పాఠ్యాంశం.

1892లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను డేవీ పతకంతో సత్కరించింది. 1901 ఏప్రిల్ 1వ తేదీన గ్రెనోబుల్‌లో, ఆచార్య పదవిలో ఉండగానే ఆయన కన్నుమూశాడు. పేదరికం చదువుకు అడ్డుపడినా, ఉష్ణమాపకాన్నీ ఓర్పునూ నమ్ముకొని కంటికి కనిపించని అణువులను తూచిన ఆ ఉపాధ్యాయుని జీవితం బోధించేవారికీ, నేర్చుకొనేవారికీ ఆదర్శప్రాయం.