మిఠాయి అంగడి నుంచి లోకోపకారం

మన ఆగిరిపల్లి, నూజివీడు తోటల రసాల రుచి ఋతువు దాటితే దొరకదు. అయినా మామిడి గుజ్జు నేడు డబ్బాలలో ఏడాది పొడవునా నిలుస్తున్నది. ఆ విద్యకు ఆద్యుడు నికొలాస్ అపేర్ అనే ఫ్రెంచి మిఠాయి వర్తకుడు.

ఆయన 1749లో షాలోన్ పట్టణంలో, పూటకూళ్లు నడిపే ఇంట జన్మించారు. కొంతకాలం ప్రభువుల వంటశాలలో పనిచేసి, పారిస్‌లోని లొంబార్ వీధిలో మిఠాయి అంగడి తెరిచారు. పండ్లను పంచదార పాకంలో నిలువ చేయడం ఆ వృత్తిలో మామూలే. కాని పంచదార ఖరీదు. పైగా పండు సహజమైన రుచి పోతుంది. అందుచేత పదార్థాన్ని సీసాలో నింపి, బిరడా గట్టిగా బిగించి, మరిగే నీటిలో ఉంచి చూశారు. ఏళ్ల తరబడి శ్రమించగా ఫలించింది. చెడిపోవడానికి కారణం సూక్ష్మజీవులని పాశ్చర్ నిరూపించింది ఆయన గతించిన తరువాతనే.

1810లో ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు బహూకరించింది. పద్ధతిని గ్రంథరూపంలో వెల్లడించాలన్నది షరతు. ఆయన పేటెంటు కోరక గుట్టంతా ప్రజలపరం చేశారు. 1814 యుద్ధంలో మాస్సీలోని ఆయన కర్మాగారాన్ని శత్రుసేనలు పాడుచేశాయి. చివరి రోజులు కొద్దిపాటి ప్రభుత్వ పెన్షనుతో గడిచాయి. 1841లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూస్తే పేదల ఉమ్మడి సమాధిలో ఉంచారు.

ఆస్తి మిగల్చలేదు గాని, లోకంలోని వంటిళ్లన్నింటికీ ఒక విద్యను మిగిల్చారు. పెన్షనర్లమైన మనం తలచుకోదగిన జీవితం.