ఆగిన చదువుకు తోవ చూపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

పిల్లలూ,

ధౌలా కువాన్‌లో ఎయిర్‌పోర్టు మెట్రో దిగి పింక్ లైను ఎక్కాలంటే రోడ్ల మీదుగా వెళ్ళే పొడవైన నడక వంతెన దాటాలి. వంతెనకు అవతలి స్టేషను పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. 2018 మార్చిలో ఆ స్టేషను తెరిచారు. మనలో చాలామంది రోజూ ఆ పేరు మైకులో వింటూనే ఉంటాం. ఆవిడ ఎవరని ఒకరోజు తరగతిలో అడిగాం. యూనివర్సిటీలో పనిచేసిన ప్రొఫెసరేమో అని ఒకరు, మహారాష్ట్ర ఆవిడ అని ఇంకొకరు చెప్పారు. ఆవిడ మన రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన తెలుగు ఆడపడుచు అని ఒక్కరూ చెప్పలేదు. తప్పు మీది కాదు, మేమే ఇంతవరకు చెప్పలేదు.

ఈ వ్యాసం రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఏడాది తల్లిదండ్రుల సమావేశం రోజున అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి ఆగారు. శ్రీకాకుళం వైపు వారు. భర్తది సైన్యంలో ఉద్యోగం. ఆవిడ చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. తరువాత పెళ్ళి, పిల్లలు, రెండు మూడేళ్ళకో ఊరు. ఇప్పుడు ఇంటి దగ్గర టైపు, కంప్యూటరు, ఆఫీసు పని నేర్పే చోటు ఒకటి ఉందని, చేరదామని వెళ్తే పదో తరగతి సర్టిఫికెట్టు అడిగారని చెప్పారు. ముప్ఫై దాటాక పదో తరగతి రాయడం కుదురుతుందా అని అడిగారు. అడిగేటప్పుడు గొంతు బాగా తగ్గించారు. బయట నిలబడ్డ కొడుకు వింటాడేమోనని ఆవిడ సంకోచం.

కుదురుతుందని చెప్పాం. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో పదో తరగతికి 14 ఏళ్ళు నిండితే చాలు, పైవయసుకు పరిమితి లేదు. పరీక్షలన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, ఐదేళ్ళ గడువు ఉంటుంది. ఇవన్నీ వివరించాం. కానీ ఆవిడ నిజంగా అడిగింది నిబంధనల గురించి కాదని ఇంటికి వచ్చాక అర్థమైంది. ఈ వయసులో పుస్తకం పట్టుకుంటే నలుగురూ నవ్వుతారా అని అడిగారు. ఆ ప్రశ్నకు మాకు తెలిసిన మంచి జవాబు దుర్గాబాయి గారి జీవితం.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనని ఆమె స్పష్టంగా చెప్పారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు మాధ్యమం వద్దని బడి మానేసినా చదువు మానలేదు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల తానే పెట్టారు. అప్పటికి ఆమె కూడా చిన్నపిల్లే.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయి గారికి ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు కూడా ఆయన మాట వినాలని ఆమె కోరిక. నిర్వాహకులు 5000 రూపాయల విరాళం తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ స్త్రీల చేయూతతోనే ఆమె ఆ సొమ్ము పోగుచేసి అప్పజెప్పారు. గాంధీజీ అనుకున్నదానికంటే ఎక్కువసేపే మాట్లాడారు. ఆ రోజు ఆయన ప్రసంగాన్ని తెలుగులోకి మార్చి చెప్పిన గొంతు కూడా ఈ చిన్నపిల్లదే.

రెండేళ్ళ తరువాత, 1923లో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్లు చూసే పని ఆమెకు అప్పగించారు. టికెట్టు లేకుండా వచ్చిన ఒక పెద్దమనిషిని ఆపేశారు. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు కంగారుపడి ఆమెను కోప్పడ్డారు. టికెట్టు కొన్న తరువాతే ఆమె ఆయనను లోపలికి పంపారు. నెహ్రూ కోపగించుకోలేదు సరికదా, ఆమె పట్టుదలను మెచ్చుకున్నారు.

ఈ రెండు సంగతులను మనం దేశభక్తి కథలుగానే చెప్పుకుంటాం. ఇంకోలా కూడా చూడవచ్చు. చేతికి వచ్చిన సొమ్ము లెక్క తప్పకుండా అప్పజెప్పడం, అప్పగించిన నిబంధనను మనిషిని బట్టి మార్చకపోవడం. ఏ ఆఫీసులోనైనా కొత్తగా చేరినవారు నేర్చుకోవలసిన మొదటి రెండు పాఠాలు ఇవే.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ఆమె ముందు నిలిచారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఒంటరి గదిలో ఉంచారు. జైళ్ళలో ఆమెను కదిలించింది తన కష్టం కాదు, తోటి ఖైదీల స్థితి. తమ మీద పెట్టిన కేసు ఏమిటో, తమ చేత వేలిముద్ర వేయించిన కాగితంలో ఏముందో తెలియక శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను ఆమె అక్కడ చూశారు. ఒక కాగితం చదవలేకపోవడం మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో అర్థమైంది. బయటకు వచ్చాక న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు.

కానీ ఆమెకు మెట్రిక్యులేషన్ కూడా లేదు. ఇరవై దాటిన వయసులో, జైలు నుంచి వచ్చాక, చిన్నపిల్లలు రాసే పరీక్షకు కూర్చున్నారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌ను ప్రైవేటుగా రాశారు. తరువాత ఇంటర్మీడియట్. బి.ఏ.కు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు తనకు రాయమని కోరారు. కొందరు ముందుకు వచ్చారు. వారితో కలిసి తానే హాస్టలు మొదలుపెట్టి, యూనివర్సిటీలో సీటు సంపాదించారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది వకీలు అయ్యారు. అప్పటికి ఆమె వయసు 33.

తన చదువు ఇలా సాగుతుండగానే ఇతరుల చదువూ చేపట్టారు. మద్రాసులో బాలికల చిన్న సంఘంగా మొదలైనది 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్ళను, వితంతువులను చేరదీసి, తాను రాసిన ఆ బనారస్ మెట్రిక్యులేషన్‌కే తయారుచేసేవారు. చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పేవారు. ఆంధ్ర మహిళ అనే పత్రికకు ఆమె సంపాదకురాలు.

ఇక్కడ ఒక సంగతి తప్పక చెప్పాలి. చిన్నప్పుడు ఆమెకు ఎవరితో పెళ్ళయిందో అతను తరువాత వేరే పెళ్ళి చేసుకున్నాడు. అతను పోయాక ఆ భార్యకు బంధువుల దగ్గర ఆదరణ లేకుండా పోయింది. ఆవిడ దుర్గాబాయి గారి దగ్గరికే వచ్చారు. దుర్గాబాయి గారు ఆవిడకు తోడు నిలిచి, సభలోనే పని నేర్పించి, తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేశారు. అన్నం పెట్టి పంపేయవచ్చు. కానీ ఒక పూట అన్నంతో తీరే అవసరం కాదది. ఎవరి ముందూ చేయి చాచకుండా బతకడానికి చేతిలో ఒక పని ఉండాలి.

1946లో ఆమె మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల జాబితాలో ఉన్న ఏకైక మహిళ ఆమె. ఎన్నో సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 నుంచి 30కి తగ్గడం వెనుక ఉన్నది ఆమె సవరణే. ఢిల్లీకి వచ్చిన తెలుగు ఉద్యోగుల పిల్లలకు బడి లేదని గమనించి 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి పునాది వేశారు. బదిలీల మీద బతికే మాలాంటి కుటుంబాలకు ఆ బడి విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. ఆ ఓటమి దగ్గర ఆగిపోలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు ఆయనే. తరువాత 1962 నుంచి 1967 దాకా ఢిల్లీ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా ఉన్నారు. 1953 ఆగస్టులోనే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి దుర్గాబాయి గారే తొలి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆ పనికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు.

బోర్డు పనిలో ఆమెకు ఒక చిక్కు ఎదురైంది. పల్లెల్లో గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు, టీచర్లు కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి, అర్హత ఉన్న ఆడవాళ్ళు దొరకరు. మరోవైపు పని కావలసిన ఆడవాళ్ళు వేలమంది ఉన్నారు, వారి దగ్గర సర్టిఫికెట్టు లేదు. ఇద్దరి మధ్య ఉన్నది రెండు మూడు తరగతుల దూరమే. దానికి 1958లో వచ్చిన పరిష్కారం వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా పథకం. చాలా ఏళ్ళ బడి చదువును పెద్దవారి బుద్ధికి తగినట్లు కుదించి, సుమారు రెండేళ్ళలో పరీక్షకు తయారుచేయడం, ఆ తరువాత ఉద్యోగ శిక్షణకు పంపడం దాని ఉద్దేశం. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ చేసిన పనే దేశం మొత్తానికీ విస్తరించింది. 1970లలో దానికి వృత్తి శిక్షణ కూడా తోడైంది. జాతీయ మహిళా విద్యా మండలికి కూడా ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్ అధ్యక్షురాలిగా అంధులకు హాస్టలుతో కూడిన పాఠశాల, చిన్న ఇంజనీరింగు పనులు నేర్పే వర్క్‌షాపు పెట్టించారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

ఇప్పుడు మీతో ఒక మాట. పైతరగతుల పిల్లల్లో కొందరికి ఆఫీసు శిక్షణ అంటే చిన్నచూపు. సైన్సు రానివారు కామర్సు, అదీ రానివారు టైపు అని మీలో మీరు అనుకోవడం మేము విన్నాం. మా ఉద్యోగంలో ఇది ఐదో ఊరు. ప్రతి బదిలీకి ఒక రిలీవింగు ఆర్డరు, ఒక జాయినింగు రిపోర్టు, టి.ఏ. బిల్లు, సర్వీసు పుస్తకంలో ఒక నమోదు. ఒక చోట పుట్టిన తేదీలో ఒక్క అంకె తారుమారైంది. అది సరిదిద్దించుకోవడానికి ఏడాది పట్టింది. చివరికి దాన్ని కనిపెట్టి, పాత కాగితాలు వరుసగా పెట్టి, స్పష్టమైన ఉత్తరం ఒకటి టైపు చేసి పని పూర్తిచేసింది ఆఫీసులో కొత్తగా చేరిన ఒక స్టెనో. ఆ ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. అందులో అనవసరమైన మాట ఒక్కటీ లేదు.

అది తేలికగా వచ్చే విద్య కాదు. కేంద్ర ప్రభుత్వ స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడు డి వారు నిమిషానికి 80 మాటలు, గ్రేడు సి వారు 100 మాటల వేగంతో పది నిమిషాలు చెప్పింది షార్ట్‌హ్యాండులో రాసుకోవాలి. తరువాత తప్పుల్లేకుండా టైపు చేయాలి. చేతివేగం ఒక్కటే చాలదు. భాష రావాలి, చెవి పదునుగా ఉండాలి, విన్న సంగతిని బయట చెప్పని నోరు ఉండాలి. ఐ.టి.ఐ.లో స్టెనోగ్రాఫరు, సెక్రటేరియల్ అసిస్టెంటు శిక్షణ ఏడాది. దానికి పదో తరగతి పాసై ఉండాలి. మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి లోయరు, హయ్యరు పాసై ఆ ఒక్క కాగితంతో ఇల్లు నిలబెట్టిన అక్కలు మీ ఇళ్ళల్లోనే ఉంటారు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి చూడండి.

జైలులో దుర్గాబాయి గారు చూసిన స్త్రీలకు కాగితం శత్రువు. చదివి, రాసి, లెక్క వేసి, దస్త్రంలో దాచడం వచ్చినవారికి అదే కాగితం అండ. ఆ రెండిటి మధ్య ఉన్న దూరం తగ్గించడమే ఆమె జీవితమంతా చేసిన పని. ముందు తన కోసం ఆ దూరం తానే నడిచారు. అందుకే ఇతరులకు ఎక్కడ కాలు జారుతుందో ఆమెకు తెలుసు.

పోయిన వారం ఆ తల్లి మళ్ళీ వచ్చారు. దరఖాస్తు నింపి తెచ్చారు, ఒకసారి చూడమన్నారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ సొంత చేతిరాతతో, గుండ్రని అక్షరాలతో ఉన్నాయి. ఒక్కచోట పిన్‌కోడు పాత ఊరిది వేశారు. అది దిద్ది ఇచ్చాం. కొడుకు ఈసారి బయట నిలబడలేదు, పక్కనే కూర్చుని ఫోటో అంటించాడు. లెక్కల్లో అమ్మకు తాను సాయం చేస్తానన్నాడు.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా చదువు మధ్యలో ఆగిన అమ్మో, పిన్నో, అక్కో ఉండవచ్చు. ఇకమీదట ధౌలా కువాన్ వంతెన దాటి ఆ స్టేషను పేరు చదివినప్పుడు వారిని ఒకసారి తలుచుకోండి. ఇంటికి వెళ్ళాక మళ్ళీ చదువుకుంటారా అని అడగండి. అడగడానికి వారు సంకోచిస్తారు. అందుకే ముందు మీరే అడగాలి.