జోలె పట్టిన ఆచార్యుడు

విద్యార్థి సంఘం ఏ మంచి పని తలపెట్టినా ముందు ఎదురయ్యేది డబ్బు సమస్యే. చందా పుస్తకం చేతికి రాగానే, ఎవరి గుమ్మం ఎక్కాలిరా భగవంతుడా అనుకుంటాం. అటువంటప్పుడు నాకు గుర్తొచ్చే మహనీయుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రే.

నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న రారులి గ్రామంలో 1861 ఆగస్టు 2న ఆయన జన్మించారు. ఎడిన్‌బరోలో 1887లో డి.ఎస్సీ. పట్టం పుచ్చుకుని, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయనశాస్త్ర అధ్యాపకులయ్యారు. 1892లో 700 రూపాయల పెట్టుబడితో బెంగాల్ కెమికల్స్‌కు పునాది వేశారు. 1896లో మెర్క్యురస్ నైట్రైట్ తయారుచేశారు. ఇంతవరకు కెమిస్ట్రీ విద్యార్థులందరికీ తెలిసిందే. పరీక్షల్లో అడగని ఘట్టం ఒకటుంది.

1922 సెప్టెంబరులో ఉత్తర బెంగాల్‌ను వరద ముంచెత్తింది. రైలుకట్టలు అడ్డుపడి నీరు పోయే దారి లేక పొలాల మీదే నిలిచిపోయింది. పైరు కుళ్ళింది, పశువులు పోయాయి. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక చెబుతున్నాను, వరద తీసిన మర్నాడు రైతుకు కావలసింది తిండి, విత్తనం, పశువులకింత మేత. వట్టి జాలి మాటలతో పొయ్యి రాజుకోదు.

అప్పటికి రే గారికి 61 ఏళ్ళు. ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా బెంగాల్ రిలీఫ్ కమిటీ భారం నెత్తికెత్తుకున్నారు. యూనివర్సిటీ సైన్సు కాలేజీయే సహాయ కార్యాలయమైంది. విద్యార్థులు కార్యకర్తలయ్యారు. సుభాస్ చంద్రబోస్ వరద ప్రాంతానికే వెళ్ళి పనిచేశారు. జనం డబ్బూ ఇచ్చారు, బట్టలూ ఇచ్చారు. మొత్తం విలువ సుమారు 25 లక్షల రూపాయలని లెక్క. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో ఊహించుకోండి!

ఆయన అడిగితే జనం ఎందుకిచ్చారు? నాకు తోచిన కారణం ఒకటే. అప్పటికే ఆయన తనది ఇచ్చేసి ఉన్నారు. 60 ఏళ్ళు నిండిన 1921 నుంచి తన జీతం యావత్తూ కలకత్తా విశ్వవిద్యాలయానికే వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. సైన్సు కాలేజీలోనే ఒక గదిలో, శిష్యుల మధ్య, ముతక బట్టలతో కాలక్షేపం చేశారు. అలాంటి మనిషి జోలె పడితే, అందులో పడిన రూపాయి ఎటు పోతుందోనన్న అనుమానం ఎవరికి వస్తుంది?

మనకూ దారులు లేకపోలేదు. నాటకానికి టిక్కెట్లు అమ్మవచ్చు, సావనీరుకు ప్రకటనలు అడగవచ్చు, పాత పుస్తకాలు పోగుచేసి అమ్మవచ్చు. అయితే ఏ దారి తొక్కినా మొదటి రసీదు మన పేరునే చింపుదాం, పది రూపాయలకైనా సరే. పని ముగిసిన వారంలోగా జమాఖర్చులు నోటీసు బోర్డు మీద అంటిద్దాం. అప్పుడు వచ్చే ఏడు అదే గుమ్మం ఎక్కినా ఎవరూ ముఖం చిట్లించరు.

1944 జూన్ 16న రే గారు ఆ సైన్సు కాలేజీ గదిలోనే కన్నుమూశారు. ఆస్తులు కూడబెట్టలేదు. ఆయన తర్ఫీదు ఇచ్చిన శిష్యులు మాత్రం దేశమంతటా ప్రయోగశాలల్లో మిగిలారు.