మందస రైతాంగ పోరాటంలో వీర గున్నమ్మ

శ్రీకాకుళం జిల్లాలో ఒకవైపు మహేంద్రగిరి, మరొకవైపు సముద్రతీరం గల మందస ప్రాంతం పూర్వం జమీందారీ పాలనలో ఉండేది. కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరుగాంచిన ఈ ఉద్దానం సీమలో రైతులు నాగలికి, ఇంటి కప్పుకు, వంటచెరకుకు కొండ అడవులపైనే ఆధారపడేవారు. ఆ అడవులలో కలప కొట్టుకొనే హక్కు విషయమై జమీందారుకు, రైతులకు నడుమ తలెత్తిన వివాదమే 1940 నాటి మందస రైతాంగ పోరాటానికి దారితీసింది. ఆ పోరాటంలో ప్రాణాలర్పించిన సాసుమాన గున్నమ్మ, గుడారి రాజమణిపురం గ్రామానికి చెందిన సామాన్య రైతు మహిళ.

గున్నమ్మను ఆమె మరణాన్ని బట్టి మాత్రమే స్మరించడం పరిపాటి అయినది. ఆమె నాయకత్వాన్ని గురించి చెప్పుకొనేది తక్కువ. ఒక స్త్రీ ఒంటరిగా తెగువ చూపడం వేరు, ఊరి స్త్రీలు గుంపుగా ఆమె వెంట నడవడం వేరు. రెండవది సంఘబలం లేనిదే సాధ్యం కాదు.

ఆనాటి ఆంధ్రదేశంలో బాలికలకు అటువంటి శిక్షణ పట్టణాలలో కొంత లభించేది. కాకినాడలో బాల్యంలోనే స్త్రీలకు హిందీ పాఠశాల నడిపిన దుర్గాబాయి, 1923 కాంగ్రెస్ మహాసభల నాటికి పద్నాలుగేళ్ల వాలంటీరు. తదుపరి కాలంలో ఆమె మద్రాసులో లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ పేరిట బాలికలను సమీకరించగా, ఆ చిన్న బృందం నుండే ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకొన్నది. మందస పల్లెలలోని ఆడపిల్లలకు ఆ భాగ్యం లేదు. వారి ఎదుట ఉన్నది రైతు ఉద్యమం ఒక్కటే.

1940 మార్చి 26, 27 తేదీలలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. అధ్యక్షులుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే నిర్బంధంలో ఉన్నారు. వారం తిరగకముందే, ఏప్రిల్ 1వ తేదీన, రైతు నాయకులను నిర్బంధించుటకు పోలీసులు గుడారి రాజమణిపురం ప్రవేశించారు. పట్టుబడిన వారిని తీసుకొనిపోకుండా గున్నమ్మ నాయకత్వాన మహిళలు దారికి అడ్డుగా నిలిచారు. అప్పటికి ఆమె గర్భవతి. ఇంట ఉండిపోయినా ఆమెను తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. పోలీసులు జరిపిన కాల్పులలో గున్నమ్మతో పాటు మరి నలుగురు నేలకొరిగారు.

రైతులు కోరిన మార్పు ఆలస్యంగానైనా వచ్చింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. ఆ మరుసటి ఏడాది ఎన్.సి.సి.లో బాలికల విభాగం, 1969లో జాతీయ సేవా పథకం ఏర్పడ్డాయి. గైడ్స్ దళాలు అంతకు పూర్వమే ఉన్నవి. పలాస జీడి కర్మాగారాలలో పనిచేసే తల్లుల కుమార్తెలు, టెక్కలి కళాశాలలకు వెళ్లే తీరగ్రామాల బాలికలు నేడు పదిమంది ముందు నిలబడి మాట్లాడటం, పదిమందిని నడిపించడం ఇటువంటి సంస్థలలో నేర్చుకొనవచ్చును. గున్నమ్మ దానిని ఊరి వీధిలో, తుపాకుల ఎదుట నేర్వవలసి వచ్చింది.

ఆమె గ్రామాన్ని నేడు వీరగున్నమ్మపురమని పిలుస్తున్నారు.